ఆభా నంబర్ ఉంది, రిపోర్టు ఎక్కడ? ఆరోగ్య శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారూ, నమస్కారం.

మా అమ్మకు షుగర్, బీపీ. పోయిన నెల మా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే, ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే టోకెన్ ఫోన్‌కే వచ్చేసింది, క్యూలో నిలబడే పని తప్పింది, నిజంగా సంతోషం వేసింది. కానీ లోపల డాక్టరమ్మ "పాత క్రియాటినిన్ రిపోర్టు ఏది?" అన్నారు. ఆ కిడ్నీ పరీక్ష చేసింది ఆ ఆసుపత్రి ల్యాబే! కాగితం ఇంట్లో ఉండిపోయింది, ఆభాలో, అంటే ప్రభుత్వం ఇచ్చిన డిజిటల్ ఆరోగ్య ఖాతాలో, చూస్తే ఏమీ లేదు. మళ్లీ రక్తం తీశారు.

ఈ ఆభా నంబర్లు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది 2021 సెప్టెంబర్ 27న. రికార్డులన్నీ ఒకేచోట పోగుపడవు, ఏ ఆసుపత్రివి అక్కడే ఉంటాయి, రోగి ఒప్పుకుంటేనే వేరే డాక్టరుకు కనిపిస్తాయి. మంచి పద్ధతే. అయితే ల్యాబ్‌లో రిపోర్టును ఆభాకు లింక్ చేయకపోతే ఆ 14 అంకెల నంబర్ ఉండి ఏం లాభం? నంబర్లు ఎన్ని ఇచ్చారన్నది కాదండీ, ఎన్ని రిపోర్టులు లింక్ అయ్యాయో ఆసుపత్రుల వారీగా చూడండి.

ఇంకొకటి. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్ల కోసం కౌంటర్ దగ్గర ఒక మనిషిని పెట్టండి, ఓటీపీ ఎందుకు అడుగుతున్నారో, దేనికి ఒప్పుకుంటున్నారో వాళ్లకు తెలుగులో చెప్పించండి.

అమ్మకు వచ్చే నెల మళ్లీ చెకప్ ఉంది. ఈసారైనా రిపోర్టు ఫోన్‌లో కనిపించేలా చూడండి.