ఢిల్లీ చలిలో ఒక పగలు: తొమ్మిదో తరగతి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లల ఢిల్లీ యాత్ర డిసెంబరు రెండో వారంలో. అక్కడ మొదటి రోజు గురువారం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరు చూడటమే పని. ఆ ఒక్క పగటికి ఏమేం కావాలో, ఎందుకు కావాలో ఈ నెల ఉత్తరంలో రాస్తున్నాను.

సంక్రాంతి సెలవుల్లో పెట్టొచ్చు కదా అని కొందరు అడిగారు. జనవరి మధ్యకు వచ్చేసరికి గణతంత్ర దినోత్సవ ఏర్పాట్ల కోసం ఎర్రకోటలోకి సందర్శకులను ఆపేస్తారు. కర్తవ్యపథ్ మీద కవాతు రిహార్సల్స్ జరుగుతాయి, దారులు మూస్తారు. పైగా డిసెంబరు ఆఖరు నుంచి పొగమంచు ముదురుతుంది, రైళ్లు గంటల తరబడి ఆలస్యమయ్యేది అప్పుడే. సోమవారం ఎర్రకోటకూ చాలా మ్యూజియాలకూ సెలవు కాబట్టి ఆ రోజు తగలకుండా చూసుకున్నాం.

మన గుంటూరులో డిసెంబరు చలి అంటే తెల్లవారుజామున ఒక దుప్పటి. ఆ రోజుల్లో ఢిల్లీలో పొద్దున 8, 9 డిగ్రీలు ఉంటుంది, ఎండెక్కాక 22 దాకా పోతుంది, సాయంత్రం అయిదున్నర కాకముందే పొద్దు గూకి మళ్లీ జారిపోతుంది. పిల్లల్ని ఇబ్బంది పెట్టేది ఒట్టి చలి కాదు, ఒకే రోజులో వచ్చే ఈ ఎగుడుదిగుళ్లు. అందుకే లావుపాటి జాకెట్ ఒక్కటి కొనిచ్చి సరిపెట్టకండి. అర చేతుల చొక్కా మీద అలాంటి జాకెట్ వేసుకున్న పిల్లవాడికి మ్యూజియంలో చెమట పడుతుంది. విప్పితే చలి, విప్పకపోతే తడి బనియన్. ఆ తడితోనే బయటికొచ్చి గాలిలో నిలబడితే ఒణుకు మొదలవుతుంది.

మూడు పొరలు వేయండి. ఒంటికి అంటుకునేలా థర్మల్ బనియన్, ప్యాంటు. దానిమీద పొడుగు చేతుల చొక్కా, ఉన్ని స్వెటర్. అన్నిటికన్నా పైన గాలి దూరని పల్చటి విండ్‌చీటర్. మధ్యాహ్నం స్వెటర్ విప్పి సంచిలో పెట్టుకుంటారు, నాలుగింటికి మళ్లీ వేసుకుంటారు. స్వెటర్ తల మీంచి తొడుక్కునేది కాకుండా ముందు గుండీలు గానీ జిప్పు గానీ ఉన్నది అయితే బస్సులో కూర్చునే విప్పుకోవచ్చు. చెవులు కప్పే టోపీ తప్పనిసరి. మంకీ క్యాప్ అంటే పిల్లలు సిగ్గుపడుతున్నారు, ఉన్ని టోపీ అయినా చాలు. బూట్లు మాత్రం కొత్తవి వద్దు. ఇప్పటికే అలవాటైనవి, మేజోళ్లతో కూడా వేలు ఆడేంత వదులున్నవి వేయండి. బిగుతు బూట్లో రక్తం సరిగ్గా ఆడదు, ముందు చల్లబడేవి కాలివేళ్లే.

ఆ రోజు తొమ్మిదింటి దాకా బస వదలం. పొద్దున్నే పొగమంచు ఉంటే కట్టడాలు కనిపించవు, బస్సుకు దారీ కనిపించదు. పదింటికి తీన్‌మూర్తి దగ్గర ప్రధానమంత్రి సంగ్రహాలయంలోకి వెళ్తాం. 2022 ఏప్రిల్ 14న మొదలైన ఈ మ్యూజియంలో మన పి.వి. నరసింహారావు గారితో సహా ప్రధానులందరి గురించీ ఉంది. బయట మంచు విడిపోయేదాకా లోపల ఉండటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

భోజనం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో. పప్పు, సాంబారు, పొడి, నెయ్యి అన్నీ దొరుకుతాయి. రైల్లో తిండికి మొహం మొత్తిన పిల్లలు అక్కడ కడుపునిండా తింటారని మా నమ్మకం. ఒంటిగంటకు వరస పెరుగుతుంది కాబట్టి పన్నెండుంపావుకల్లా చేరాలని చూస్తున్నాం.

ఎండ బాగా ఉండే ఒకటిన్నర నుంచి మూడు దాకా ఇండియా గేట్, జాతీయ యుద్ధ స్మారకం. 42 మీటర్ల ఇండియా గేట్ 1931లో ప్రారంభమైంది. దాని వెనక ఛత్రం (గొడుగులాంటి రాతి మండపం) కింద నల్ల గ్రానైట్ నేతాజీ విగ్రహం ఉంది, ఎత్తు 28 అడుగులు. ఆ రాయి మన పొరుగునే ఉన్న ఖమ్మం నుంచి వెళ్లింది. 280 టన్నుల బండను 1,665 కిలోమీటర్లు తీసుకెళ్లి, చెక్కాక 65 టన్నుల విగ్రహం చేశారు. ఈ సంగతి ముందే మీ పిల్లలకు చెప్పి ఉంచండి, అప్పుడు విగ్రహాన్ని ఊరికే చూసి వదిలేయరు, రాయిని కూడా పరికించి చూస్తారు. పచ్చిక మీద మాత్రం నడవనివ్వం. మంచు తడి ఆరకపోతే బూటు లోపలికి దిగుతుంది.

తర్వాత గురుద్వారా బంగ్లా సాహిబ్. సిక్కుల ఎనిమిదో గురువు హరికృష్ణ సాహిబ్ 1664లో ఇక్కడి బంగళాలో ఉండి, రోగాలతో అల్లాడుతున్న జనానికి సేవ చేశారు. అప్పటికి ఆయనకు ఎనిమిదేళ్లు నిండలేదు, అంటే మన పిల్లలకన్నా చిన్న. ఇక్కడ బూట్లూ మేజోళ్లూ విప్పాలి, గుమ్మం దగ్గర పారే నీళ్లలో పాదాలు తడుపుకుని పాలరాతి మీద నడవాలి. పొద్దున అయితే ఆ రాయి మంచుగడ్డలా ఉంటుంది. ఎండకు కాస్త వెచ్చబడ్డాక వెళ్లాలనే మూడింటికి పెట్టాం. అసలు చిక్కు బయటికి వచ్చాకే ఉంది. తడి పాదాలతో మేజోళ్లు తొడుక్కుంటే రాత్రి దాకా కాళ్లు వెచ్చబడవు. అందుకని చిన్న తువ్వాలు, పొడి మేజోళ్లు ఒక జత కవర్లో పెట్టి సంచిలో పైనే ఉంచండి. తల కప్పుకోవడానికి ఆడపిల్లలకు చున్నీ, మగపిల్లలకు పెద్ద చేతిరుమాలు.

నాలుగుంపావుకు పటేల్ చౌక్‌లో మెట్రో ఎక్కుతాం. అయిదు దాటితే ఆఫీసుల జనంతో కాలు పెట్టడానికి చోటుండదు. 48 మంది పిల్లల్ని ఎనిమిదేసి మందిగా ఆరు జట్లు చేశాం, జట్టుకొక టీచరు. తలుపులు మూసుకుపోయి ఎవరైనా విడిపోతే పాటించాల్సిన పద్ధతి ఇంట్లో కూడా రెండుసార్లు చెప్పించండి: రైలెక్కినవారు తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫాం మీదే నిలబడాలి, దిగిపోయినవారు ఉన్నచోటే ఉండాలి, ఎవరూ వెతుక్కుంటూ బయలుదేరకూడదు. బస చిరునామా, టీచర్ల ఫోన్ నంబర్లు హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాసిన కార్డు ప్రతి జేబులో ఉంటుంది.

కుతుబ్ మినార్, ఎర్రకోట కూడా అదే రోజు చూపించేయమని కొందరి కోరిక. హాయిగా తిరగగల వెలుతురు పది నుంచి నాలుగున్నర దాకానే, ఆరున్నర గంటలు. అందులో ఆరు చోట్లు కుక్కితే పిల్లలు చూసేది బస్సు కిటికీలే. ఆ రెండూ శుక్రవారానికి ఉంచాం. పురావస్తు శాఖ కట్టడాలకు 15 ఏళ్లలోపు వారికి టికెట్ లేదు, వయసు రుజువుకు ఆధార్ నకలు పంపండి.

ఇక గాలి సంగతి. గాలి నాణ్యత సూచీ 300 దాటితే బయట గడిపే సమయం సగానికి తగ్గిస్తాం. 400 దాటితే ఇండియా గేట్ మానేసి మరో మ్యూజియానికి వెళ్తాం. గుడ్డ మాస్కు సన్నటి ధూళిని ఆపదు. మొహానికి సరిపోయే సైజు ఎన్-95 మాస్కులు రెండు ఇవ్వండి. ఉబ్బసం ఉన్న పిల్లల వివరం ఇప్పుడే రాసి పంపండి. ఇన్హేలర్ పెట్టెలో కాదు, పిల్లల జేబులో ఉండాలి. మరొకటి మా దగ్గర ఉంచుతాం. చలిలో దాహం తెలియదు, అందుకే అరలీటరు సీసా మధ్యాహ్నానికి ఒకసారి, సాయంత్రానికి ఒకసారి ఖాళీ అయిందో లేదో జట్టు టీచరు చూస్తారు. పెదవులకు వ్యాజిలిన్ డబ్బా చిన్నది చాలు.

చలేస్తే చెప్పమని మీ పిల్లలకు చెప్పండి. స్నేహితులు నవ్వుతారని నోరు మూసుకుని ఒణికే పిల్లలే మాకు భయం.

యాత్రకు ముందు శనివారం పిల్లల్ని ఆ రోజు వేసుకోబోయే బూట్లతో, సర్దిన భుజం సంచితో బడికి పంపండి. మైదానం చుట్టూ అరగంట నడిపించి చూస్తాం. బూటు కరిచినా, సంచి మూడు కిలోలు దాటినా మార్చుకోవడానికి ఆదివారం చేతిలో ఉంటుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు