నిమ్మ రైతుల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడు నారుమడి సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు మొన్నటి సమావేశంలోనే చదివి వినిపించాం. రసీదు పుస్తకాలు కోశాధికారి దగ్గరున్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. ఈ ఏడు చెప్పుకోవాల్సింది నారుమడి గురించే.

మన పొదలకూరు వైపు నిమ్మ చాలామటుకు గింజ మొక్కే. ఐదేళ్ల కిందట బయటి నర్సరీలో కొని నాటినవి కాపుకొచ్చాక ఒక్కో చెట్టు ఒక్కో తీరుగా తేలింది. ఒకదాని కాయ గుండ్రం, ఒకదానిది కోల, ఇంకోదానికి తోలు మందం. నష్టపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే సొంతంగా నారు పోసుకున్నాం.

తొలి మడిలోనే తగువు. చోటుకు రెండు మూడు మొలకలు లేచేసరికి, గింజలు గుప్పిళ్లతో చల్లారని వేసినవాళ్ల మీద విరుచుకుపడ్డారు. ఒక పెద్దాయన నానిన గింజ తెచ్చి, గోటితో పొట్టు వలిచి అరచేతిలో నొక్కి చూపించాడు. పప్పు రెండు బద్దలుగా కాక, ఒకదానికొకటి ఒదిగిన చిన్నాపెద్దా ముక్కలుగా విడిపోయింది. ఒకే గింజలో ఇన్ని పిండాలు! లీవెన్‌హుక్ అనే డచ్చి ఆయన 1719లోనే నారింజ గింజలో ఇది చూశాడు, మనకు ఇప్పటికి తెలిసొచ్చింది.

వాటిలో పుప్పొడి కలిసి పుట్టేది సాధారణంగా ఒక్కటే. అదీ ఒక్కోసారి ఇరుకులో నలిగి చచ్చిపోతుంది. మిగతావి తల్లి కణజాలం నుంచే పుడతాయి కాబట్టి అచ్చం తల్లిచెట్టే. బత్తాయి అంట్లకు రంగపూర్ నిమ్మ మొక్కలు వాడేదీ ఇందుకే, వేరుమూలం, అంటే అంటు కట్టే అడుగు మొక్క, అంతా ఒకే తీరుగా వస్తుంది. పంపర పనసకు ఈ గుణం లేదు. ఒక సభ్యురాలు పట్టుబట్టి పక్క మడిలో వేసి చూపించింది, గింజకు ఒకటే మొలక.

ఇక ఏరివేత. పుప్పొడి కలిసి పుట్టినవి తల్లిచెట్టులా రావు కాబట్టి, ఆకు తీరు తేడాగా ఉన్నవి, మరీ గిడసబారినవి, తోటివాటిని మించి విపరీతంగా సాగినవి పీకేయాలి. ఏపుగా ఉన్న మొక్కను పీకడానికి చాలామందికి చేతులు రాలేదు. నాకూ రాలేదు, రెండు దాచుకున్నాను.

వచ్చే విత్తనానికి గజ్జి తెగులును తట్టుకునే బాలాజీ రకం చెట్లనే తల్లిచెట్లుగా ఎంచి, మొదళ్లకు సున్నం పూశాం. వానకు గుర్తు చెరిగిపోయి, ఒక చెట్టు కాయలు కోత కూలీల చేతుల్లో మార్కెట్‌కు పోయాయి. ఈసారి ఎర్ర పెయింటు వేస్తున్నాం. ఆ చెట్ల కాయలు ముట్టుకోవద్దని కూలీలకు ముందే చెప్పండి. తీసిన గింజలు ఎండబెట్టకుండా వెంటనే మడికి చేర్చండి, ఎండితే మొలవవు.

ఇట్లు,
కార్యదర్శి