సానకు తెచ్చే ముందు ఒకసారి చదవండి

మా అంగడికి కత్తులు సానకు తెచ్చే కర్నూలు కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఒక పద్ధతి మారుస్తున్నాం. తెచ్చిన ప్రతి కత్తినీ నేరుగా చక్రం మీద పెట్టం. ముందు అంచు చూస్తాం. సిరామిక్ రాడ్ (కత్తి అంచు సరిచేసే, పింగాణీలాంటి గట్టి కడ్డీ) మీద నాలుగుసార్లు లాగితే సరిపోయేదైతే మీ ముందే లాగి, డబ్బు తీసుకోకుండా ఇచ్చేస్తాం. ఇంట్లోనే లాగుకోవాలనుకునేవాళ్లకు ఆ రాడ్లు అమ్ముతున్నాం కూడా.

దీంతో మాకు సాన డబ్బులు తగ్గుతాయి. తెలిసే చేస్తున్నాం. చక్రం మీద పెట్టిన ప్రతిసారీ కత్తి అరుగుతుంది. నీళ్లు లేని చక్రం మీద కాస్త ఎక్కువసేపు ఉంటే అంచు వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది. రంగు తిరిగిన చోట ఉక్కు మెత్తబడినట్టే, ఆ భాగం అరిగిపోయేదాకా అక్కడ పదును నిలవదు. కొడవళ్లకు, మచ్చుకత్తులకు చక్రం కావాల్సిందే. పల్చటి వంటింటి కత్తికి మాటిమాటికీ అది అక్కర్లేదు.

మా దగ్గరికి వచ్చే కత్తుల్లో చాలావాటికి ఉక్కు అరగదు, అంచు ఒరుగుతుంది అంతే. గాలివానకు జొన్నచేను ఒక పక్కకు వాలినట్టు, కంటికి ఆనని ఆ సన్నటి కొస పక్కకు వాలిపోతుంది. అప్పుడు టమోటా తొక్క మీద కత్తి జారుతుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. కత్తి వెన్ను కిందికి, అంచు పైకి పెట్టి బల్బు కింద మెల్లగా తిప్పండి. పదునున్న అంచు కనబడదు. వాలినచోట, మొద్దుబారినచోట తెల్లటి గీత మెరుస్తుంది.

ఆ అంచును లేపి నిలబెట్టడం రాడ్ పని. హోటళ్లలో, మటన్ అంగళ్లలో గీతలున్న స్టీల్ రాడ్ చూసే ఉంటారు. అది మెత్తటి ఉక్కు కత్తులకు బాగానే ఉంటుంది. గట్టి ఉక్కుతో చేసిన జపాన్ రకం కత్తిని దాని మీద గట్టిగా లాగితే అంచు పెళ్లలు లేస్తుంది. సిరామిక్ రాడ్ సాధారణంగా అల్యూమినాతో చేస్తారు. సానరాళ్లలోని కురువిందం, ఉంగరాల్లోని కెంపు అదే పదార్థం. తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరికి మనవాళ్లు వెతికే వజ్రానికి గట్టిదనం కొలతలో 10 ఇస్తే దీనికి 9. అందుకే ఏ వంటింటి ఉక్కునైనా ఇది పట్టుకుంటుంది. అంచు నిలబెడుతూనే రవ్వంత ఉక్కును కూడా గీస్తుంది. అయితే అది చక్రం తినేదానితో పోల్చేంత కాదు.

వాడే పద్ధతి ఇది. తడిబట్ట మడిచి చెక్కపలక మీద వేసి, రాడ్ మొనను దానిమీద నిలువుగా ఆనించండి. టీవీలో వంటవాళ్లలా గాల్లో ఝళిపించొద్దు, వేళ్లు తెగుతాయి. కత్తిని రాడ్‌కు అడ్డంగా పెడితే 90 డిగ్రీలు. అందులో సగం 45, ఆ సగంలో సగానికి కాస్త తక్కువ, అంటే 20 దగ్గర ఆపండి. జపాన్ రకానికి 15 చాలు. పిడి దగ్గర మొదలుపెట్టి మొనదాకా, పైనుంచి కిందికి లాగండి. ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఒక్కో పక్కకు నాలుగైదుసార్లు. కత్తి బరువు తప్ప చేతి బరువు పడకూడదు. అందరూ తడబడేది ఇక్కడే. గట్టిగా నొక్కితే పదును వస్తుందనుకుంటారు, కానీ నొక్కితే అంచు మళ్లీ వాలుతుంది. అయ్యాక కత్తిని తడిబట్టతో తుడవండి, సన్నటి ఉక్కుపొడి అంటుకుని ఉంటుంది.

రాడ్ మీద నల్లటి చారలు పడతాయి. అది కత్తి వదిలిన ఉక్కే. పెన్సిల్ రబ్బరుతోనో, గిన్నెలు తోమే పౌడరుతోనో రుద్దితే పోతుంది. అలాగే వదిలేస్తే రాడ్ నున్నబడి పట్టదు. ఇంకొకటి, చేయి జారి గచ్చు మీద పడితే విరుగుతుంది. విరిగిన రాడ్‌కు వాపసు ఇవ్వలేం, కొనేముందే చెబుతున్నాం.

అందరూ కొనాల్సిన పనిలేదు. కత్తి పూర్తిగా మొద్దుబారినా, అంచు పెళ్లలు లేచినా రాడ్‌తో కాదు, అప్పుడు సానే. రంపపు పళ్ల బ్రెడ్ కత్తికి, సిరామిక్ కత్తికి ఇది వాడొద్దు. ఇంట్లో అంతా కత్తిపీట మీదే తరిగేవాళ్లకూ దండగ. వంటింటి కత్తికే పని చెప్పే ఇంటికి, ఎర్రగడ్డలు బుట్టలకొద్దీ తరిగే మెస్సులకు మాత్రం పెట్టిన డబ్బు వృథా కాదు.

కొన్నా కొనకపోయినా ఒక్కటి మానుకోండి. కడప బండ మీద, గ్రానైట్ గట్టు మీద, స్టీల్ పళ్లెంలో పెట్టి తరగొద్దు. రాయికి తగిలిన అంచు ఆ పూటే పోతుంది. చెక్కపలక వాడండి. కత్తిని గిన్నెలతో కలిపి సింకులో పడేయకుండా విడిగా కడిగి, ఆరబెట్టండి.

రాడ్లు ప్రస్తుతం కొన్నే ఉన్నాయి. కొనేవాళ్లు మీ ఇంటి కత్తి కూడా వెంట తెచ్చుకుంటే దానిమీదే చేయించి చూపిస్తాం. సాయంత్రం రద్దీ ఎక్కువ, పొద్దున వస్తే నిదానంగా నేర్పే వీలుంటుంది. కత్తిని న్యూస్‌పేపరులో కాకుండా అట్టముక్కలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి తీసుకురండి.