చర్చి మరమ్మతు ఎస్టిమేటుకు ఇంకో రెండు కాగితాలు కావాలి

రాష్ట్ర మైనారిటీ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

కడప నుంచి నమస్కారాలు. పాత చర్చిల చెక్కపని, గచ్చుపని, స్వరూపాల (యేసు, మరియమ్మ, పునీతుల ప్రతిమల) మరమ్మతు తెలిసినవాళ్ళం రాస్తున్న లేఖ ఇది.

ప్రభుత్వ సాయంతో చేసే చర్చి మరమ్మతుకు తయారయ్యే ఎస్టిమేటు చూడండి. సిమెంటు, ఇసుక, టైల్స్, పెయింటు, కూలి ఉంటాయి. లోపలున్న బలిపీఠం, స్వరూపాలు, సిలువ మార్గం పటాలు (యేసు సిలువ మోసిన దారిలోని ఘట్టాల బొమ్మలు), పాపసంకీర్తన పీఠం (గురువు ముందు పాపాలు ఒప్పుకునే చోటు), గంట మాటే ఉండదు. కాగితంలో లేని వస్తువుకు బాధ్యులూ ఉండరు. పని మొదలైన రోజు వాటిని ఏ వరండాలోకో లాగేస్తారు. పని అయ్యాక సగం తిరిగి లోపలికి రావు.

నేల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే లోపలి వస్తువుల నాశనం అక్కడే మొదలవుతుంది. సున్నంలో పరిచిన కడప బండల సందుల గుండా భూమిలోని చెమ్మ కొంచెం కొంచెంగా బయటికి పోతుంటుంది. వాటి మీద సిమెంటు పోసి నున్నటి టైల్స్ అతికిస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ గోడ పట్టుకుంటుంది. సున్నపు గోడకు అడుగున మూడు అడుగులు సిమెంటు పూత పూస్తే, దానికి పైన తేలి తెల్లటి ఉప్పు పొరలా పూస్తుంది. బలిపీఠం వెనక చెక్క ఆ గోడకే ఆని ఉంటుంది. ముందు వైపు బంగారు రంగు మెరుస్తూనే ఉంటుంది, వెనక చేత్తో నొక్కితే బిస్కెట్‌లా విరుగుతుంది. ఆపైన చెదలకు వేరే పిలుపు అక్కర్లేదు. పగిలిన బండను మాత్రం తీసి, సున్నంలోనే తిరిగి పరిస్తే చాలు. పీఠానికీ గోడకూ మధ్య రెండంగుళాల సందు వదలాలి. చెదల మందును కిరసనాయిలులో కలిపి రంగు మీద కొడుతుంటారు, అది పాత రంగును పాడుచేయగలదు. మందు వెనక వైపు చెక్కలోకే, సూదితో ఎక్కించాలి.

ఇక స్వరూపాలు. పండుగకు వారం ముందు ఎనామిల్ డబ్బా, బ్రష్ చేతికొస్తాయి. భక్తితోనే చేస్తారు, తప్పు పట్టడం లేదు. కానీ పాత చెక్క స్వరూపం మీద పొరలుంటాయి: చెక్క, దాని మీద సుద్ద, సరేసు (జంతువుల నుంచి తీసే జిగురు) కలిపిన తెల్లటి పూత, దాని మీద రంగు, అంచుల్లో బంగారు రేకు. వాటన్నిటి మీదా ఎనామిల్ పడితే కనురెప్పల మడత, వేళ్ళ సందు, వస్త్రపు అంచు పూడిపోతాయి. కొన్నిటికి గాజు కళ్ళుంటాయి, వాటి మీదా పూసేసి నల్లచుక్క పెడతారు. నాలుగు పండుగలు దాటితే ముఖమే మారిపోతుంది. తర్వాత థిన్నర్‌తో తీద్దామంటే కింది అసలు రంగు కూడా దూదికి అంటుకుని వచ్చేస్తుంది.

ప్లాస్టర్ స్వరూపాల గండం వేరు. వాటిని నీళ్ళతో కడగకూడదు. ప్లాస్టర్ అంటే జిప్సమే, లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. షాంపూ పెట్టి రుద్దితే ముక్కు చివర, వేలి గోరు ముందు పోతాయి. లోపల ఇనుప కడ్డీ ఉంటే తుప్పు పట్టి ఉబ్బి, చేతిని లోపలి నుంచి పగలగొడుతుంది. ఆ పగులుకు పైన వైట్ సిమెంటు రాస్తే ప్రయోజనం లేదు, తుప్పు ఆగదు కదా. ఏది చెక్క, ఏది ప్లాస్టర్ అని తేల్చాలంటే స్వరూపం నిలబడ్డ దిమ్మె అడుగు చూడాలి, అక్కడ రంగు ఉండదు. విరిగిన వేలిని పారేయకుండా కవర్లో పెట్టి, పేరు రాసి దాచాలి. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపడం తప్ప మిగిలినదంతా తెలిసినవాళ్ళకు వదిలేయాలి.

ఇత్తడి దీపస్తంభాలను చింతపండుతో తోమితే ఎర్రబారతాయి. బంగారు పూత ఉన్న పాత్రనైతే అసలు తోమకూడదు. సిలువ మార్గంలో 14 స్థలాలకు అసలు కావాల్సింది చిన్న చెక్క సిలువలే, పటాలు తోడు మాత్రమే. ఫ్లెక్సీలు వచ్చాక పటంతో పాటు ఆ సిలువనూ పారేస్తున్నారు. పాత బలిపీఠాన్ని కదిలించే ముందు పైన ఐదు చిన్న సిలువలు చెక్కిన రాయి ఉందేమో చూడాలి. పునీతుల అవశేషాలుండే రాయి అది, చాలాచోట్ల పలుగు తగిలాకే కనబడుతుంది.

ఇవన్నీ కొత్త ఆంక్షలనుకోవద్దు. 1983 నాటి తిరుసభ (కతోలిక సంఘం) చట్టం 1189వ నియమం ప్రకారం, పాతదనం వల్లనో కళ వల్లనో భక్తి వల్లనో విలువైన ప్రతిమను బిషప్ గారి రాతపూర్వక అనుమతి లేకుండా మరమ్మతు చేయరాదు, ఆయన నిపుణులను అడిగాకే అనుమతి ఇవ్వాలి. 1283వ నియమం విలువైన వస్తువుల జాబితా రాయమంటుంది. ప్రభుత్వ చట్టం కూడా ఇలాగే ఉంది: 1972 నాటి పురావస్తువుల చట్టంలో 100 ఏళ్ళు దాటిన శిల్పమూ చిత్రమూ పురావస్తువులే.

మేము అడిగేది ఒక్కటే. సాయం మంజూరుకు ముందు ఎస్టిమేటుకు రెండు కాగితాలు జత చేయమనండి: బిషప్ గారి అనుమతి, వస్తువుల జాబితా. జాబితాలో ఒక్కో వస్తువుకు పేరు, ఎత్తు, వెడల్పు, దేనితో చేసింది, ఎక్కడుంది, ఎక్కడ పగిలింది రాయాలి. ముందూ వెనకా ఒక్కో ఫొటో, పక్కన టేపు పెట్టి తీయాలి. గంట మీద అక్షరాలుంటే కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయాలి, అల్యూమినియం పెయింటు కొట్టక ముందే. ఇద్దరు మనుషులు, ఒక సెల్‌ఫోన్, ఒక టేపు ఉంటే మామూలు విచారణ (ఒక గురువు పరిధిలోని సంఘం) చర్చిలో ఇది ఒక రోజు పని. చివరి బిల్లు చెల్లించే ముందు ఇంజనీరు అదే జాబితా పట్టుకుని లోపల ఒకసారి తిరిగి, ఒక్కో వస్తువు ఎదుట టిక్కు పెడితే సరిపోతుంది.

ఇట్లు,
పాత చర్చిల చెక్క, గచ్చు, స్వరూపాల పనివాళ్ళు,
కడప