నాకు చేతకాదన్న కవి

ఒరేయ్ శీనూ,

పాత ఇంగ్లీషు పద్యాల్లో నీతి అంటే చర్చిలో ప్రసంగంలా ఉంటుందేమో అన్నావు కదా మొన్న ఫోన్లో, అందుకే తీరిగ్గా కూర్చుని ఒక్క పద్యం గురించే రాస్తున్నాను. రాసింది థామస్ వయట్ అని, ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కొలువులో ఉండేవాడు. అదీ స్నేహితుడికి రాసిన ఉత్తరమే, జాన్ పాయిన్జ్ అనే అతనికి. రాజుల నీడ వదిలేసి ఇంటిపట్టున ఎందుకున్నానో చెప్పుకున్నాడు.

1536 మే నెలలో రాణి ఆన్ బొలీన్ మీద నేరాలు మోపినప్పుడు వయట్‌ని కూడా లండన్ టవర్ అనే కోట జైల్లో పడేశారు. 17న ఆమెతో పాటు నేరం మోపిన ఐదుగురు మగవాళ్ళ తలలు తీశారు, 19న రాణిది. అక్కడ చూసింది రాత్రీ పగలూ తలలోంచి పోవడం లేదని ఇంకో పద్యంలో రాసుకున్నాడు పాపం. ఇతన్ని మాత్రం వదిలిపెట్టి కెంట్‌లో తండ్రి దగ్గరికి పంపారు. ఈ ఉత్తరం ఆ రోజుల్లోదేనని ఎక్కువమంది అంటారు.

ఇందులో నన్ను పట్టుకున్నది ఏంటంటే, ఎక్కడా 'నేను మంచివాణ్ణి' అనడు. 'నాకు చేతకాదు' అంటాడు, మళ్ళీ మళ్ళీ అదే మాట. గొర్రెపిల్లల మధ్య తోడేళ్ళలాంటి వాళ్ళని దేవుళ్ళని మొక్కడం చేతకాదు, పెద్దాయన నవ్వితే ఇకిలించి, ముఖం ముడిస్తే తనూ ముడవడం చేతకాదు. తాగుబోతుతనాన్ని కలుపుగోలుతనమనీ, క్రూరత్వాన్ని న్యాయం మీద పట్టుదల అనీ, నిరంకుశత్వాన్ని రాజు హక్కు అనీ పిలవాలట. అలా చెప్పుకుంటూ పోయి ఒక్కసారిగా 'నా వల్ల కాదు, కాదు, కానే కాదు' అనేస్తాడు. అక్కడికొచ్చేసరికి నాకు గొంతు పట్టేసినట్టయిందిరా. పేరుప్రతిష్ఠల ఆశ అప్పుడప్పుడు తనకీ తగులుతుందని ముందే ఒప్పుకున్నాడు కాబట్టే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది.

మన ధూర్జటి కూడా దాదాపు ఆ కాలం వాడే కదా. 'రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు' అని శివుడికి మొరపెట్టుకున్నాడు. ఆయనకి వినడానికి ఈశ్వరుడున్నాడు. వయట్ ఈ పద్యంలో ఏ దేవుణ్ణీ పిలవడు, తన నోరు ఏ అబద్ధానికి తిరగదో అంతే చెబుతాడు. నాకు రెండూ కావాలి, కానీ ఈ మధ్య మనసు రెండోదాని వైపే పోతోంది.

దీనికి మూలం అలమాన్ని అనే ఇటలీ కవిది. అతను ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌లో ఉన్నానంటే వయట్ కెంట్‌లో ఉన్నానన్నాడు. వేటాడతాను, వాన పడితే పుస్తకం పట్టుకుంటాను, ఎటు వెళ్ళినా అడిగేవాడు లేడు అంటూనే, కాలికి ఒక గుదిబండ ఇంకా వేలాడుతోందని ఒక్క మాట జారవిడుస్తాడు. అయినా ఫర్వాలేదు, కంచెలూ కాలవలూ దూకగలను అంటాడు వెంటనే. రాజుగారి చెయ్యి ఇంకా తన మీద ఉందని తెలిసే రాశాడన్నమాట, అందుకే ఇది రిటైరైపోయిన మనిషి పాడే పల్లె పాట కాదు.

ఆ తర్వాత మళ్ళీ కొలువులోకే వెళ్ళాడు, స్పెయిన్‌కి రాయబారిగా పంపారు, 1541లో మళ్ళీ జైల్లో పెట్టారు, 1542లో రాజు పని మీద వెళ్తూ దారిలో జ్వరంతో పోయాడు. చేతకాదన్న మనిషే మళ్ళీ ఎందుకు వెళ్ళాడని అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. హెన్రీ పిలిస్తే రానని చెప్పే దారి ఎవరికుందిరా?

వంద పైచిలుకు పాదాలు, అంతే. నీకు ఎక్కడ ఆగబుద్ధయిందో రాయి. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
రఘు