పుట్టగొడుగు ప్యాకింగ్‌కు రాయితీ ఇస్తే అచ్చులకు కాదు, ఆవిరికి ఇవ్వండి

తెలంగాణ పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2022 జులై 1 నుంచి అలంకరణకు వాడే థర్మాకోల్‌పై నిషేధం ఉంది. టీవీ, మిక్సీ పెట్టెల్లో మూలలకు పెట్టే థర్మాకోల్ మాత్రం ఆ జాబితాలో లేదు. ఆ దిమ్మలను వరిగడ్డి, పత్తికట్టె పొట్టు మీద మైసీలియం, అంటే పుట్టగొడుగు శిలీంధ్రం అల్లే సన్నని దారాల వల, పెంచి తయారుచేయవచ్చు. పుట్టగొడుగు ప్యాకింగ్ అంటే ఇదే. 2007లో అమెరికాలో మొదలైన ఎకోవేటివ్ సంస్థ ఈ పనిని వ్యాపారంగా నిలబెట్టింది. ఇలాంటి యూనిట్ అనగానే అందరి చూపూ అచ్చుల మీదికే పోతుంది. అచ్చుకు మామూలు ప్లాస్టిక్ ట్రే చాలు. డబ్బు తినేది వేడి.

లెక్క చూడండి. మైసీలియం పెరగాలంటే గడ్డి తడిగా ఉండాలి. 10 శాతం తేమ ఉన్న 100 కిలోల గడ్డిని 65 శాతం తేమకు తేవాలంటే సుమారు 157 లీటర్ల నీరు పట్టించాలి. చివర్లో దాదాపు ఆ నీరంతా మళ్లీ ఆరిపోవాలి. కరెంటు హీటర్లతో ఆరబెడితే ఆవిరి చేయడానికే 100 యూనిట్లు కావాలి, గాలిలో పోయే వేడి అదనం. ఆ ఖర్చుతో థర్మాకోల్ ధరకు పోటీ ఇవ్వలేం.

మిర్యాలగూడ వంటి చోట బాయిల్డ్ రైస్ మిల్లుల్లో ఊకతో నడిచే బాయిలర్లు, డ్రయ్యర్లు ఇప్పటికే ఉన్నాయి. గడ్డిని ఒకటి, రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, నానబెట్టి, అందులోని బూజు, క్రిములు చచ్చేలా ఆ బాయిలర్ ఆవిరితోనే శుద్ధి చేయవచ్చు. ముత్యపుచిప్ప పుట్టగొడుగు రకానికి 80–90 డిగ్రీల్లో నాలుగైదు గంటలు సరిపోతుంది. తవుడు కలిపితే మాత్రం ప్రెజర్ కింద 121 డిగ్రీలు తప్పవు. తవుడు మన శిలీంధ్రానికే కాదు, పచ్చబూజుకూ విందే.

విత్తనం, అంటే గింజల మీద పెంచిన మైసీలియం, గడ్డిలో కలిపే గది మాత్రం మిల్లు ఆవరణలో వద్దు. ఊకదుమ్ములో బూజు బీజాలుంటాయి. చల్లారిన గడ్డి మీద అవి పడితే ట్రైకోడెర్మా అనే పచ్చబూజు ముందుగా పాకి సంచులను పచ్చగా మార్చేస్తుంది. విత్తనం తడిగడ్డి బరువులో 5 నుంచి 10 శాతం. 25–28 డిగ్రీల్లో వారం సంచిలో, ఆపై పొడిచేసి అచ్చులో నాలుగైదు రోజులు. పెరిగే సంచి తానే వేడి పుట్టిస్తుంది కనుక, మే నెలలో గది చల్లగా ఉన్నా లోపల మైసీలియం మగ్గిపోవచ్చు. సంచులను వరసల మధ్య ఖాళీ లేకుండా పేర్చడమే ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు. చివర్లో 60–80 డిగ్రీల్లో, తేమ 10 శాతం లోపుకు వచ్చేదాకా ఆరాలి. సగం ఆరిన దిమ్మ అట్టపెట్టెలోనే బూజు పడుతుంది.

ఒకటి ముందే చెప్పాలి. చేపలు, రొయ్యల ఐసు పెట్టెలకు ఇది పనికిరాదు, నీరు పీల్చుకుంటుంది. థర్మాకోల్ కన్నా బరువు కూడా ఎక్కువే.

అందుకే మేం కోరేవి రెండు. రాయితీని మిల్లు నుంచి ఆవిరి గొట్టం, శుద్ధి గది, విత్తనం ల్యాబ్‌లకు ఇవ్వండి. ప్రభుత్వ టెండర్లలో దిమ్మ బరువుకు పరిమితి పెట్టకుండా, పెట్టె కిందపడినప్పుడు లోపలి వస్తువు నిలిచిందా లేదా అన్న పరీక్ష, తేమ పరిమితి రాయించండి.

ఇట్లు,
పుట్టగొడుగు విత్తనం, జీవపదార్థాల తయారీలో పనిచేసే సాంకేతిక నిపుణులు