రేగెన్స్‌బుర్గ్ రాతి వంతెన దగ్గర మమ్మల్ని గట్టెక్కించిన పిల్లలకు

ఆ రోజు చెప్పాల్సిన మాట చెప్పకుండానే రైలు దిగి ఇంటికొచ్చేశాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మే నెల ఆఖరి ఆదివారం. జర్మనీలో డాన్యూబ్ నది ఒడ్డున రేగెన్స్‌బుర్గ్ అని ఒక పాత ఊరుంది. అక్కడి రాతి వంతెన మెట్ల మీద మా ఆవిడ జారిపడింది. ఇద్దరు తెలుగు పిల్లలూ, సైకిలు మీద వెళ్తున్న ఒక జర్మన్ కుర్రాడూ మమ్మల్ని ఆదుకున్నారు. పేర్లు రాయొద్దని పిల్లలిద్దరూ మరీ మరీ చెప్పారు కనక రాయడం లేదు. ఎవరి సంగతో చదివితే వాళ్ళకే తెలుస్తుంది.

అసలు మేం అక్కడికి ఎందుకు వెళ్ళామో ముందు చెప్పాలి. తప్పంతా అక్కడే మొదలైంది. నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ శాఖలో 33 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆనకట్ట, లాకులు, గట్లు, వరద కాపలా, ఇదే నా బతుకు. నన్ను మ్యూజియానికి తీసుకెళ్తే గుమ్మంలోనే కుర్చీ వెతుక్కుంటాను. వంతెన కిందకి తీసుకెళ్తే అన్నం మాట మర్చిపోతాను. అమ్మాయి పురిటికని మ్యూనిక్ వెళ్ళాం. మనవడికి మూడో నెల వచ్చి ఇల్లు కాస్త కుదుటపడ్డాక, ఈ వంతెన చూడాలని గొడవ పెట్టాను. పిల్లాడితో అమ్మాయి రాలేదు, అల్లుడికి ఆఫీసు పని. ‘మేమిద్దరం వెళ్ళొస్తాంలే, గంటన్నర ప్రయాణమేగా’ అన్నాను. బవేరియా రాష్ట్రంలో రోజంతా లోకల్ రైళ్ళు ఎక్కడానికి పనికొచ్చే టికెట్టు ఒకటుంది. అది తీసిచ్చి, ఎక్కడ దిగాలో కాగితం మీద రాసిచ్చి, అమ్మాయి మమ్మల్ని రైలెక్కించింది. మా ఇద్దరికీ జర్మన్ ఒక్క ముక్క రాదు.

ఈ వంతెన కట్టడం 1135లో మొదలుపెట్టి 1146లో పూర్తిచేశారు. మా గోదావరి మీద హేవలాక్ వంతెనని 1900లో తెరిచి, 1997లో రైళ్ళు ఆపేశారు. ఇది దానికంటే ఏడున్నర శతాబ్దాలు పెద్దది, ఇవాళ్టికీ దీని మీద జనం నడుస్తూనే ఉన్నారు. దాదాపు 800 ఏళ్ళు ఆ ఊరికి డాన్యూబ్ దాటడానికి ఇదొక్కటే వంతెన. మూడో క్రూసేడుకి, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధయాత్రకి, 1189లో బార్బరోసా చక్రవర్తి దండు బయల్దేరింది ఈ ఊరి నుంచే. అప్పటికే ఇది నడివయసు వంతెన అన్నమాట.

నది గురించి నిజం చెప్పాలంటే, వెడల్పులో మా గోదావరి ముందు పిల్లకాలవ. కానీ ఉరవడి చూస్తే గుండె ఝల్లుమంటుంది. కారణం వంతెనే. పాతకాలం వాళ్ళు పియర్లు, అంటే నీళ్ళలో వంతెనని మోసే స్తంభాలు, ఎంత లావుగా కట్టారంటే, నీళ్ళు పోయే దారి సగానికి సగం మూసుకుపోయినట్టుంటుంది. సందు ఇరుకైతే నీటికి వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే పునాది చుట్టూ అడుగుని కోసుకుపోతుంది. అది ఆపడానికి ఒక్కో పియరు చుట్టూ పడవ ఆకారంలో రాతి దిబ్బ కట్టారు. ఆ దిబ్బలతో సందు ఇంకా ఇరుకయింది, నీళ్ళు ఇంకా రెచ్చిపోయాయి! ఆర్చీలు దాటగానే సుడులు తిరుగుతూ పరిగెత్తుతాయి. నది అడుగున ఓకు దుంగలు పరిచి వాటి మీద రాయి లేపారట. నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం చెక్క చెడిపోదు, తడీ పొడీ మారుతుంటేనే చీకుతుంది. 1135 ఎండాకాలం బాగా ఎండి నది తగ్గిందనీ, ఆ అదనులో పునాదులు వేశారనీ చదివాను. మేమూ అంతే కదా, వేసవి వచ్చిందంటే వరదలోపు పని తేల్చేద్దామని పరిగెత్తేవాళ్ళం.

ఇవన్నీ వంతెన మీద నిలబడితే కనబడవు. కిందకి దిగాలి. మధ్యలో నది పాయల నడుమ ఒక లంక ఉంది, వంతెన మీద నుంచి దానిలోకి మెట్లున్నాయి. మా ఆవిడ పైనే కూర్చుంటానంది. ‘ఇంతదూరం వచ్చి దిగకపోతే ఎలా’ అని బలవంతం చేసింది నేనే. ఫోనులో పియరుకి ఫొటో తీసుకుంటూ ముందు దిగిపోయింది కూడా నేనే. వెనక ‘అమ్మా’ అని వినబడి తిరిగి చూస్తే, ఆఖరి మూడు మెట్లూ జారి చతికిలబడి ఉంది. చీలమండ చూస్తుండగానే బూరెలా పొంగింది.

అప్పుడు నేనేం చేశానంటే, అరిచాను. ‘చూసుకుని దిగమన్నానా లేదా! కళ్ళెక్కడ పెట్టుకున్నావ్!’ అని. భయం వేస్తే నా నోటికి వచ్చేది కోపమే. గట్టు మీద నలభైమంది కూలీల చెవిన పడేలా అరవడం అలవాటైన గొంతు. ఆ అరుపే మమ్మల్ని కాపాడింది. కాస్త అవతల గడ్డిలో కూర్చున్న ఇద్దరు చటుక్కున లేచి పరిగెత్తుకొచ్చారు.

‘ఏమైందంకుల్? మేం తెలుగోళ్ళమే’ అన్నాడు అబ్బాయి. హన్మకొండ అతనిది. అమ్మాయిది తెనాలి. ఇద్దరూ అక్కడే ఎమ్మెస్ చదువుతున్నారు. ఆ అమ్మాయి నాతో మాట్లాడనే లేదు. నేరుగా మా ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ‘పిన్నిగారూ, కాలు కదపకండి, నొప్పి ఎక్కడో వేలితో చూపించండి’ అంది. చున్నీ తీసి సీసాలో చల్లనీళ్ళతో తడిపి కాలికి చుట్టింది. అబ్బాయి నా భుజం మీద చెయ్యేసి, ‘ఫికర్ చేయకుండ్రి అంకుల్, మేమున్నం గద’ అన్నాడు. నా కాళ్ళలో వణుకు తగ్గింది అప్పుడే.

ఇద్దరూ ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని చేతులతో పీట వేశారు, చిన్నప్పుడు మనం ఆడుకున్నట్టే. మా ఆవిడ బరువెంతో ఇక్కడ రాస్తే నాకు రేపు ఇంట్లో అన్నం పుట్టదు. మొత్తానికి రెండుసార్లు ఆగి, మెట్లన్నీ ఎక్కించేశారు.

పైకి వచ్చాక ఇంకో చిక్కు. ఆ వంతెన మీదకి కార్లు రావు. 1997లోనే సొంత కార్లు ఆపేశారు, 2008లో బస్సులు కూడా. తర్వాత 2010 నుంచి 2018 దాకా పెద్ద రిపేరు చేసి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలేశారు. టాక్సీ రావాలంటే వంతెన చివరే. వంతెనేమో మధ్యలో ఎత్తుగా గూనిలా ఉంటుంది, చివరిదాకా చేతుల మీద మోయడం ఆ పిల్లల తరం కాదు.

అప్పుడొచ్చాడు ఆ జర్మన్ కుర్రాడు. ముందు పెద్ద చెక్కపెట్టె ఉన్న సైకిలు, పెట్టెలో ఇద్దరు పిల్లలు. పిల్లల్ని బడికీ బజారుకీ తిప్పడానికి అక్కడ చాలామంది వాడతారు. ఆగి, తెనాలి అమ్మాయితో నాలుగు ముక్కలు మాట్లాడి, పిల్లలిద్దరినీ దించేసి, పెట్టె వైపు మా ఆవిడకి చెయ్యి చూపించాడు. ఆవిడ నా మొహం చూసింది. చీర కుచ్చిళ్ళు పోగుచేసుకుని, తెల్ల బూట్ల కాళ్ళు బయటికి పెట్టుకుని, పిల్లల పెట్టెలో కూర్చుంది. అతను ఎక్కి తొక్కలేదు, పక్కనే నడుస్తూ జాగ్రత్తగా నెట్టాడు. రెండోవైపు హన్మకొండ అబ్బాయి పట్టుకున్నాడు. వెనకాల ఆ ఇద్దరు పిల్లలూ, వాళ్ళ వెనక నేనూ. జనం దారి ఇచ్చారు. ‘మన పెళ్ళికి కూడా మీవాళ్ళు నన్నిలా ఊరేగించలేదు’ అంది మా ఆవిడ, అంత నొప్పిలోనూ. దిగాక సంచీలోంచి రెండు కొబ్బరుండలు తీసి పిల్లల చేతిలో పెట్టింది. చిన్నవాడు వాసన చూసి, నాలిక చివరతో తాకి, ఒక్కసారిగా మొత్తం నోట్లో కుక్కేసుకున్నాడు.

ఆ తర్వాతిది ఆసుపత్రి. నాలుగు గంటలు కూర్చున్నాం, ఎక్సరే తీశారు, ఎముక విరగలేదు, నరం బెణికిందన్నారు. బద్ద కట్టి చంకకర్రలు ఇచ్చారు. బీమా కంపెనీ వాళ్ళ ఫోను మాత్రం ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ నన్ను ముప్పావుగంట తిప్పింది. ఆ ముచ్చట ఇక్కడ వద్దు. పెద్దవాళ్ళని విదేశాలు పంపేవాళ్ళకి ఒక్క సంగతి చెప్తాను. మా ఆవిడ వేసుకునే బీపీ, షుగరు మాత్రల పేర్లు అడిగితే నేను మన కంపెనీ పేర్లు చెప్పాను. నర్సుకి అర్థం కాలేదు. తెనాలి అమ్మాయి ఒక్కోటి ఫోనులో వెతికి అసలు మందు పేరు పట్టుకుని చెప్పింది. ఆ పేర్లు ఒక కాగితం మీద రాసి వాళ్ళ పర్సులో పెట్టండి.

ఆదివారం కదా, కొట్లన్నీ మూత. వంతులవారీగా ఒక మందుల షాపు మాత్రం తెరిచి ఉంచుతారట. అమ్మాయి నడిచి వెళ్ళి నొప్పిమాత్రలూ లేపనమూ తెచ్చింది. బిల్లులో రెండున్నర యూరోలు ఎక్కువ కనబడితే ‘ఇదేమిటమ్మా, నిన్ను మోసం చేశారు’ అన్నాను. సెలవు రోజు షాపు తెరిచినందుకు అందరి దగ్గరా తీసుకునే రుసుము అది. నవ్వుతూ చెప్పింది. సాయంత్రం హోటల్లో తన షిఫ్టు పోయిందని మాత్రం చెప్పలేదు. అబ్బాయి చెప్తే తెలిసింది.

ఆ నాలుగు గంటలూ అబ్బాయి నాకు ఆ వంతెన కథలు చెప్పాడు. వంతెన కట్టేవాడూ, పెద్ద చర్చి కట్టేవాడూ ముందెవరు పూర్తిచేస్తారని పందెం వేసుకున్నారట. వంతెనవాడు దయ్యం సాయం అడిగాడు. మొదట దాటే ముగ్గురి ప్రాణాలూ నావి అంది దయ్యం. సరేనని పని చేయించుకుని, చివరికి ఒక కుక్కనీ, కోడినీ, పుంజునీ తోలాడట. దయ్యం మండిపడి కింద నుంచి వంతెనని ఎత్తబోయింది, ఆ గూని అప్పుడు వచ్చిందేనట. వంతెన మీద ఒక రాతి బొమ్మ, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చర్చి వైపు చూస్తూ ఉంటుంది. పనెంతవరకు వచ్చిందని చూస్తున్నాడట. ఇప్పుడున్న బొమ్మ 1854లో పెట్టింది. చర్చి పని మొదలైందే 1273 తర్వాత కదా, 1146కే వంతెన అయిపోతే పందెం ఎవరితో వేశాడూ అన్నాను. ‘గట్లంటే కథ ఎట్ల నడుస్తదంకుల్’ అన్నాడు. 1945 ఏప్రిల్‌లో, యుద్ధం ముగియబోతుండగా, జర్మన్ సైన్యమే ఇందులో కొంత పేల్చేసిందనీ, 1967లో గానీ పూర్తిగా బాగుపడలేదనీ కూడా అతనే చెప్పాడు. బదులుగా నేనతనికి పునాది కోత మీద గంటసేపు పాఠం చెప్పాను. కంప్యూటర్లు చదివే కుర్రాడు, పాపం ఓపిగ్గా విన్నాడు.

రాత్రి రైలుకి మమ్మల్ని ఒంటరిగా పంపనన్నాడు. ‘నాకు పాసుంది అంకుల్, పైసలేం కావు’ అని మ్యూనిక్ దాకా వచ్చి, చంకకర్రలతో ఆవిడని దించి, మా అమ్మాయికి అప్పజెప్పాడు. వెనక్కి పోయే రైలుకి పది నిమిషాలే ఉంది. నేను సామాన్ల హడావిడిలో ‘సరే బాబూ, జాగ్రత్త’ అన్నాను. అంతే. తిరిగి చూసేసరికి లేడు.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ మా ఆవిడ అడిగింది: ‘ఆ పిల్లలకి థాంక్స్ అని ఒక్క మాటన్నా చెప్పారా?’ చెప్పలేదు. పునాదుల గురించి చెప్పాను, రెండున్నర యూరోల గురించి చెప్పాను, ఆ మాట మాత్రం చెప్పలేదు. అబ్బాయి నంబరు మా అమ్మాయి దగ్గరుంది. ఫోన్ చేస్తే ‘అయ్యో, గదేంది అంకుల్’ అని మాట దాటేస్తున్నాడు. తెనాలి అమ్మాయైతే మందుల డబ్బులు కూడా తీసుకోలేదు. అందుకే నలుగురిలో చెప్తున్నాను. బాబూ, అమ్మా, మీ ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. మీ అమ్మానాన్నలకి కూడా. నా అరుపుకి క్షమించమని మా ఆవిడని అడిగేశాను, అది వేరే లెక్క.

పెట్టె సైకిలు కుర్రాడి పేరు మాకెవరికీ తెలియదు. ఇంటికొచ్చి సంచీ దులిపితే అడుగున పసుపుపచ్చ బొమ్మ పొక్లెయినర్ ఒకటి బయటపడింది. ఊరేగింపులో చేతికి తగిలితే మా ఆవిడ సంచీలో వేసేసుకున్నట్టుంది. తెనాలి అమ్మాయి రోజూ ఆ వంతెన దాటే కాలేజీకి వెళ్తుందట, కనబడితే ఇచ్చేస్తానంది.

మా అల్లుడి స్నేహితుడు ఈ శనివారం రేగెన్స్‌బుర్గ్ వస్తున్నాడు. పార్సెల్లో ఉన్న ఆవకాయ సీసా మీ ఇద్దరిదీ. మూత బిగుసుకుపోయి ఉంటుంది, వేడినీళ్ళలో తలకిందులుగా కాసేపు ఉంచి తిప్పండి. బొమ్మ ఆ చిన్నవాడిది. నూనె అంటకుండా మీ పిన్ని విడిగా రెండు కవర్లు చుట్టింది.